పొనికిచెక్క కిరీటం

నకాశి శంభయ్యగారిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు తన చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కునేవారు. కూర్చున్న చోటనే జవాబు చెప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు. రంగు ఎందుకు వెలిసిపోతుందని ఒకాయన అడిగితే, అతణ్ణి వాగు ఒడ్డుకు తీసుకుపోయి, బట్టలు ఆరేసిన బండల పక్కన మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా తిరిగి తీసుకొచ్చారట. ఆ అడిగినాయనకు జవాబు తెలిసిందో లేదో గాని, మళ్లీ ఎండాకాలంలో మాత్రం ఏ ప్రశ్నా అడగలేదు.

నిర్మల్ దగ్గర ఒక పల్లె శంభయ్యగారిది. ఆ వైపు చెక్కను చెక్కి, రంగులు వేసి, బంగారు పూత పెట్టేవాళ్లను నకాశివాళ్లంటారు. మిగతావాళ్లు బొమ్మలు చేస్తే, ఈయన వీధి భాగవతం ఆడే మేళాలకు నగలు చేసేవారు. రాజులకు కిరీటాలు, దేవతలకు భుజకీర్తులు, రాక్షసులకు కంఠపట్టెలు, అన్నీ పొనికి చెక్కతోనే. పొనికి దూదిలాంటి చెక్క. నెత్తిన పెట్టుకుని ఆటంతా గంతులు వేసినా మెడ నొప్పి పుట్టదు. ఆ చెక్క మీద చింతగింజల బంకతో పువ్వులూ తీగలూ ఉబ్బెత్తుగా లేపి, సుద్ద పూసి, ఎర్రమన్ను పూసి, అప్పుడు బంగారు రేకు పరుస్తారు. రేకు అంటే మనకు తెలిసిన డబ్బా రేకు కాదు సుమండీ. పాల మీది మీగడ కూడా దాని ముందు దుప్పటే. వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుని మాయమైపోతుంది. అందుకని ఉడుత వెంట్రుకల కుంచెను ఒకసారి చెంపకు రాసుకుని, ఆ కాస్త జిడ్డుతో రేకును పైకి లేపాలి. లేపిన దగ్గర్నుంచి పరిచేదాకా ఊపిరి బిగబట్టాలి. శ్వాస తగిలితే రేకు ముడతలు పడుతుంది. తుమ్మితే ఇక చెప్పేదేముంది, బంగారం ఇంటి దూలాల మీద వెతుక్కోవాల్సిందే.

అలా ఊపిరి బిగబట్టడం ఆయన దగ్గర నేర్చుకున్న పిల్ల తులజ. పెళ్లికూతుళ్ల చేతులకు గోరింటాకు పెట్టడంలో ఆ పిల్లకు పేరు. ఆ చేతివాటం చూసి శంభయ్యగారే పిలిచి పని నేర్పారు. ఇప్పుడు ఆయనకు వయసు మీద పడి చేతులు వణుకుతున్నాయి. చెక్క చెక్కడానికి ఆ వణుకు అడ్డం రాదు గాని, రేకు లేపడానికి మాత్రం పనికిరాదు. అందుకని ఆ ఏడు నర్సుబాయి కొత్త కిరీటం పని మొదటినుంచి చివరిదాకా తులజ చేతికే వచ్చింది.

నర్సుబాయి అలాంటి ఒక మేళానికి పెద్ద. రాజు వేషాలన్నీ ఆమెవే. మీసం పెట్టుకుని హిరణ్యకశిపుడై వస్తే, ముందు వరుసలో పిల్లలు తల్లుల కొంగుల వెనక దాక్కుంటారు. ఆమె పాత కిరీటం నడిమికి పగిలింది. కొత్తది చెప్పడానికి వచ్చినప్పుడు చంకలో ఒక అట్టడబ్బా కూడా పెట్టుకుని వచ్చింది.

"చూడు పిల్లా," అంది తులజతో. "మీ గురువు చేసింది నా నెత్తిమీద నా జవానీ అంత నిలిచింది. నువ్వు చేసింది గూడ గట్లనే ఉంటె, మా మేళం నీదే. మమ్మల్ని చూసి చుట్టుపక్కల మేళాలన్నీ నీ గడపకే వస్తయి. లేదంటే ఇగో, ఈ డబ్బాల ప్లాస్టిక్ కిరీటం ఉన్నది. బజార్ల దొరికింది. జాతర నాడు ఇదే పెట్టుకుంట. ఇగ మళ్ల మీ చెక్క నగల జోలికి రాను."

"ప్లాస్టిక్కా నర్సక్కా!" అంది తులజ ముక్కు మీద వేలేసుకుని.

"వేలు ముక్కు మీద గాదు, నీ పని మీద పెట్టు," అని నర్సుబాయి వెళ్లిపోయింది.

తులజ ఆ రోజంతా చెక్క ముందర కూర్చుంది గాని ఉలి పట్టలేదు. సాయంత్రం గురువుగారు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోగానే మనసులో ఉన్నది బయటపెట్టింది.

"గురువయ్యా, రాజు కిరీటం చెయ్యమంటున్నవు. నేను పుట్టి బుద్ధెరిగి ఏ రాజునూ చూడలె, ఏ కిరీటమూ చూడలె. చూడనిదాన్ని చెక్కతోని చేసి, పైన ఇంత బంగారం పూసి, ఇదే కిరీటం అంటే అది అబద్ధం గాదా? అసలుదేది, అసలు గానిదేది? అది తెల్వకుండ నా చెయ్యి సాగుతలేదు."

శంభయ్యగారు లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఒకటి మంచం కింద దొరికింది, ఒకటి గడప అవతల. "పట్నం బస్సు పొద్దున్నే ఉంటది. రొట్టెలు కట్టు," అన్నారు.

పట్నంలో ఒక నగల మ్యూజియం ఉంది. ఎప్పటెప్పటి రాణుల హారాలు, రాజుల కత్తిపిడులు, పసిపిల్లల మురుగులు అద్దాల వెనక పెట్టి చూపిస్తారు. గదులు చల్లగా, మసకగా ఉన్నాయి. నగల మీద మాత్రం చిన్న చిన్న దీపాలు. నడిమి గదిలో, నల్ల మఖమల్ దిండు మీద, ఏదో చిన్న సంస్థానం దొర కిరీటం ఒకటి ఉంది. తులజ దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. జానెడు ఎత్తు కూడా లేదు. తల వెంట్రుకల్లాంటి తీగలు, తీగ తీగకూ మొగ్గలు, మొగ్గ మొగ్గకూ రాళ్లు. ఎక్కడా ఒక ఉలి దెబ్బ గాని, ఒక అతుకు గాని కనబడదు. నీళ్లలా నున్నగా ఉంది బంగారం. ఆ పిల్ల అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ, బంగారం కనబడగానే అలవాటుగా ఊపిరి బిగబట్టేసింది. బిగబట్టింది బిగబట్టినట్టే ఉంది. మొహం ఎర్రబడింది.

అక్కడ కాపలా ఉన్నాయన కంగారుపడి దగ్గరికి వచ్చాడు. "ఏమైందమ్మా? కండ్లు తిరుగుతున్నయా? నీళ్లు తేనా?"

తులజ రెండడుగులు వెనక్కి వేసి, ముఖం పక్కకు తిప్పుకుని అప్పుడు గాలి వదిలింది. "ఏం లేదన్నా. బంగారం ముందర ఊపిరి ఇడువొద్దు, గంతే."

ఆయనకు ఏమర్థమైందో గాని, ఈ పిల్ల బాధ తీరకముందే శంభయ్యగారు తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను చూసి ఉలిక్కిపడ్డారు. "నాయనా, ఆ పంఖా జర బందు చెయ్యి! రేకు ఎగిరిపోతది!"

"తాతా, అది అద్దంల ఉన్నది. బయట గాలిదుమారం వచ్చినా కదలదు," అన్నాడు కాపలాదారు. అని, ఒకసారి వీళ్లిద్దరినీ ఎగాదిగా చూసి, "మీరు ఏ ఊరోళ్లు?" అని అడిగాడు. శంభయ్యగారు తన తప్పు తెలుసుకుని నవ్వారు. ఆ కాపలాదారూ నవ్వాడు. గురువూ శిష్యురాలూ ఇద్దరూ బంగారాన్ని చూడగానే గాలికి భయపడ్డారంటే చూడండి, పని మనిషి ఒంట్లోకి ఎంత లోతుగా దిగిపోతుందో.

అప్పుడే ఒక చదువుకున్న అమ్మాయి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి ఆ కిరీటం గురించి వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. "ఈ రాళ్లు పాత పద్ధతిలో కోసినవి. ఇవి వాటంతట అవి ఇంత మెరవవు. ప్రతి రాయి కిందా పల్చటి రేకు ఒకటి పరుస్తారు. పైనుంచి పడ్డ వెలుగును అది వెనక్కి తిప్పి పంపిస్తుంది."

శంభయ్యగారు చెయ్యి చెవికి అడ్డంపెట్టి ముందుకు వంగారు. "ఆగు తల్లీ. రాయి కింద ఏం పరుస్తరంటివి?"

"రేకండీ పెద్దాయనా. అది లేకపోతే ఈ రాయి పటికముక్కలాగే ఉంటుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. శిష్యురాలి భుజం తట్టి, "ఇన్నవా బిడ్డా? ఆడ గూడ మనోళ్లే ఉన్నరు," అన్నారు.

తులజ వినలేదు. ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరిగిందో మరిచిపోకుండా, గోటితో తన అరచేతిలో గీసుకుంటోంది. శంభయ్యగారు ఆమెను అలాగే వదిలేసి, మెల్లగా గది తలుపు దాకా వెళ్లి అక్కడ్నుంచి కిరీటం వైపు చూశారు. తర్వాత బయటి మెట్ల దాకా వెళ్లి అక్కడ్నుంచి చూశారు. అక్కడ్నుంచి మఖమల్ దిండు మీద ఏదో ఉన్నట్టుంది గాని, ఏముందో తెలియలేదు. తల ఊపుకుంటూ తిరిగి వచ్చారు. కాపలాదారు మళ్లీ ఒకసారి ఎగాదిగా చూశాడు.

తిరుగు బస్సులో తులజ నోరు ఆగలేదు. "మన కిరీటాలు ఎంత మొరటుగ ఉంటయి గురువయ్యా! బారెడు ఎత్తు, రేగ్గాయలంత బుడిపెలు. అసలుది ఎంత నాజూకుగ ఉన్నది! నేను గట్లనే చేస్త. తీగకు తీగ, మొగ్గకు మొగ్గ."

"నీకు తోచినట్టే చెయ్యి బిడ్డా," అన్నారాయన, కిటికీలో నుంచి జొన్నచేలు చూస్తూ.

చేసింది. అట్లా ఇట్లా కాదు, అన్నం నీళ్లు మరిచి చేసింది. చింతగింజల బంకను సన్నటి గొట్టంలో పోసి, ముగ్గు దారంలా వదిలి తీగలు లేపింది. వాటి మీద రేకు మీద రేకు, ఎక్కడా అతుకు తెలియకుండా పరిచింది. తర్వాత మెరుగు రాయి తీసుకుని, చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరి నిమిరి, ఆ బంగారాన్ని అద్దం చేసింది. పక్కింటి ఆడవాళ్లు వచ్చి చూసి, ముట్టుకోవడానికి భయపడి చేతులు వెనక పెట్టుకున్నారు. ఒకామె అందులో తన ముఖం చూసుకుని బొట్టు సరిదిద్దుకుంది. శంభయ్యగారు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"నా జన్మల ఇంత నున్నగ నేనెన్నడూ పెట్టలేదు," అన్నారు. అది ఊరికే అన్న మాట కాదు. ఆ గొంతులో సంతోషం తులజకు తెలిసింది.

జాతర ఎల్లుండి అనగా నర్సుబాయి వచ్చింది. అట్టడబ్బా ఆమె చంకలోనే ఉంది. పొద్దు గూకుతోంది. పల్లె చివర కల్లంలో స్తంభానికి ఒక బల్బు కట్టి ఉంది. జాతరలో వెలుగు కూడా అట్లాగే ఒక పక్కనుంచే వస్తుంది. నర్సుబాయి కిరీటాన్ని చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత సక్కగున్నదే!" అంది. తులజ గుండె పొంగింది.

"నా నెత్తిమీద ఉంటె నాకెట్ల కనబడుతది? అయ్యా, నువ్వు పెట్టుకో. నేను దూరం పోయి చూస్త," అని నర్సుబాయి దాన్ని శంభయ్యగారి నెత్తిన పెట్టింది. గళ్ల లుంగీ, బనీను, మీద కిరీటం. ఆయన నవ్వాపుకుంటూ బల్బు పక్కన రాజులా నిలబడ్డారు. నర్సుబాయి తులజ చెయ్యి పట్టుకుని కల్లం అవతలి గట్టు దాకా నడిచింది. జాతరలో ఆఖరు వరుస కూర్చునేంత దూరం అది. అక్కడ ఆగి ఇద్దరూ వెనక్కి తిరిగారు.

నర్సుబాయి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"కిరీటం ఏదే?" అంది నర్సుబాయి.

తులజ కళ్లు నులుముకుంది. అద్దమంత నున్నటి బంగారం కదా, అద్దం చేసే పనే చేసింది. బల్బు వెలుగునంతా ఒక్క దిక్కుకు, ఎవరూ లేని చెరుకుతోట వైపు విసిరేసింది. ఈ గట్టు మీదికి మాత్రం చీకటిపడుతున్న ఆకాశాన్ని చూపించింది. సన్నటి తీగలు, మొగ్గలు, ఏవీ లేవు. శంభయ్యగారి నెత్తిన ఏదో నల్లగా, పొట్టిగా ఉంది.

"మట్టి అటిక బోర్లిచ్చినట్టున్నదే పిల్లా! మీ గురువు నెత్తిమీద మబ్బుల ఆకాశం పెట్టినవు గాని, రాజ్యం పెట్టలె."

"బల్బు బాగలేదు నర్సక్కా, అందుకే..."

నర్సుబాయి మారు మాట్లాడకుండా అట్టడబ్బా విప్పి, ప్లాస్టిక్ కిరీటం తీసి, గట్టు దిగి వెళ్లి శంభయ్యగారి నెత్తిన మార్చి పెట్టి వచ్చింది. అది జిగేల్‌మంది. పిల్లల పుట్టినరోజుకు కట్టే రంగుకాగితంలా ఉంది గాని, జిగేల్‌మనడం మాత్రం నిజం. అదే బల్బు.

"అది ప్లాస్టిక్కు అక్కా!" అంది తులజ. "నాది నిజం బంగారం!"

"కావచ్చు బిడ్డా. నీ చేతిల కళ ఉన్నది, నేను కాదనలె." నర్సుబాయి గొంతు ఈసారి మెత్తబడింది. "గాని ఆఖరు వరుసల కూసున్న ముసలామె నా కోసం నాలుగు కోసులు నడిచి వస్తది. ఆమెకు కండ్లు సరిగ అవుపడవు. నేను అడుగు పెట్టంగనే ఆమెకు రాజు వచ్చిండని తెల్వాలె. ఆమె దగ్గరికి పోయి ముక్కు ముందర పెట్టి చూపిస్తనా, చెప్పు? రేపు పొద్దు గూకేదాక ఆగుత. గప్పటికి గాకుంటె నా తొవ్వ నేను చూసుకుంట."

ఆ రాత్రి గురువూ శిష్యురాలూ భోజనాలు ముగించారు. చెయ్యి కడుక్కుంటూ శంభయ్యగారు ఒక్కటే అడిగారు: "మ్యూజియంల నువ్వు ఎంత దూరం నుంచి చూసినవు?"

"ముక్కు అద్దానికి తగిలింది," అంది తులజ.

"ఊఁ," అని ఆయన వెళ్లి పడుకున్నారు.

తెల్లవారి తులజ లేచేసరికి రుబ్బురోలు చప్పుడవుతోంది. పెరట్లో శంభయ్యగారు చింతగింజలు రుబ్బుతున్నారు. ముందు వేయించి, పొట్టు తీసి, రెండు మూడు రాత్రులు నానితే గాని బంకకు పనికిరాని గింజలవి. తులజ రోలు దగ్గర చతికిలబడి వాటిని వేళ్లతో చిదిమి చూసింది. వెన్నలా నానాయి.

"ఎప్పుడు నానబెట్టినవు గురువయ్యా?"

"నువ్వు మెరుగు రాయి పట్టిన నాడు."

ఆ పిల్లకు కోపం వచ్చింది. "అంటే ఇట్ల అయితదని నీకు ఎరుకే! అప్పుడే ఒక్క మాట చెప్పొద్దా? నర్సక్క ముందర నా పరువు పోయింది!"

"చెప్తే, అంత నున్నగ పెట్టుడు ఈ జన్మల నేర్చుకుందువా?" అన్నారాయన రోలు ఆపకుండా. "అది గూడ నీకు రావాలె గద. నాకే రాలె."

తులజ లోపలికి వెళ్లి కిరీటం ముందు కూర్చుంది. పక్కన రేకుల పొత్తంలో అడుగున కాసిని రేకులే మిగిలాయి. మళ్లీ మొత్తం పరచడానికి అవి చాలవు. కొత్త చెక్క చెక్కడానికి పొద్దు లేదు. ఇక ఉన్న దారి ఒక్కటే. తన చేత్తో తాను చేసిన అందాన్ని తానే గీరి, దాని మీదే మళ్లీ లేపాలి. సన్న ఉలి తీసుకుంది. మొన కిరీటానికి ఆనించింది. ఆ నున్నటి బంగారంలో తన ముఖం తనకే కనబడింది. ఆ ముఖం మీద గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. ఉలి కింద పెట్టింది. మళ్లీ తీసుకుంది. చేసినదాన్ని పారేయడం కష్టం కాదు, కోపమొస్తే ఎవరైనా పారేస్తారు. ప్రేమగా చేసినదాన్ని ప్రేమతోనే గాయం చేయడం కష్టం. తల్లులకు తెలుసు, చెవులు కుట్టించేటప్పుడు పిల్లను ఒళ్లో పట్టుకునేది వాళ్లే గదా.

కర్రున ఒక గీత పడింది. తర్వాత ఆగలేదు.

గీరిన చోటల్లా కొత్త బంకతో బుడిపెలు లేపింది. గురువుగారి బుడిపెలంత మొరటువి కావు. అడుగున తన సన్నటి తీగ పారుతూనే ఉంది. దాని మీద రేగ్గాయల్లా, బఠాణీల్లా, పెసర్లలా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, అంచు నుంచి కొన దాకా ఎక్కించుకుంటూ పోయింది. నెత్తిన ఇంకొంచెం చెక్క అతికి ఎత్తు పెంచింది. సుద్ద, ఎర్రమన్ను పూశాక మధ్యాహ్నపు ఎండకు అదంతా గట్టిపడింది. అప్పుడు కుంచె చెంపకు రాసుకుని, మిగిలిన రేకుల్లో ఒకటి లేపింది. ఊపిరి బిగబట్టింది. బుడిపె మీదికి తెచ్చింది.

అక్కడ ఆగింది. ఏం తోచిందో ఆ పిల్లకు, బిగబట్టిన ఊపిరిని సన్నగా, పాలు చల్లార్చినట్టు, రేకు మీదికి వదిలింది. రేకు ముడుచుకుని, నలిగి, వందచోట్ల మడతపడి బుడిపెను పట్టుకుంది. మెరుగు రాయి ముట్టుకోలేదు. ఇంకో రేకు తీసింది, మళ్లీ ఊదింది. గడపలో నిలబడి చూస్తున్న శంభయ్యగారు తన జన్మంతా ఎవరికీ చెయ్యనివ్వని పని అది. ఆయన గడప దిగి పెరట్లోకి వెళ్లిపోయారు.

పొద్దు గూకే వేళకు నర్సుబాయి వచ్చింది. ఈసారి ఇంకొకరి నెత్తిన పెట్టించలేదు. "నా నెత్తికే పెట్టు. నువ్వూ మీ గురువూ గట్టు మీదికి పోండ్రి. మీరు చూసి నిజం చెప్పుండ్రి. అబద్ధం చెప్పిన్రో, జాతర నడిమిట్ల మీ పేరు చెప్పి తిడుత," అంది. వేషం లేదు, మీసం లేదు. నేత చీర కచ్చ పోసుకుని, నడుము బిగించి, కిరీటం పెట్టుకుని బల్బు కిందికి వచ్చి నిలబడింది.

గురువూ శిష్యురాలూ అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగారు.

నర్సుబాయి తల కదిలించింది. అంతే, కిరీటం మీద వెలుగు ఒక్క దిక్కుకు పోలేదు. మడత మడతకూ ఒక మెరుపు పుట్టింది. ఒకటి ఆరిపోయేలోగా పక్కది లేచింది. పొయ్యిలో నిప్పులు ఊదినప్పుడు ఎలా కదులుతాయో అలా కదిలింది బంగారం. ఆమె ఒక అడుగు వేస్తే ఆ వెలుగంతా ఆమెతో నడిచింది. నర్సుబాయికి తన కిరీటం తనకు కనబడదు గాని, గట్టు మీద వీళ్లు మాట్లాడకుండా నిలబడిపోవడం కనబడింది. అది చూసి ఆమె ఒళ్లు నిటారైంది. చేతిలో గద లేకపోయినా ఉన్నట్టే భుజం మీద వేసుకుని, కల్లం అంచు వెంట రాజు నడక నడిచింది.

ఆ సమయానికి కల్లం పక్క దారిలో ఖాసిం వస్తున్నాడు. ఊళ్ల మీద తిరిగి పాత ఇనుము, ఇత్తడి, పగిలిన బిందెలు కొనే మనిషి. లోహం సంగతి ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ముక్కుపుడక చూపిస్తే, అరచేతిలో పెట్టుకోకుండానే అందులో రాగి పాలెంతో చెప్పేస్తాడు. సైకిలుకు రెండు పక్కలా గోనెసంచులు, అందులో గలగలమనే ఇత్తడి. ఎవరైనా అడ్డమొస్తే తిట్టుకుంటూ పక్కకు తప్పుకునే రకమే గాని, దిగే రకం కాదు.

కల్లం వైపు చూశాడు. బ్రేకు వేశాడు. సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకుని దారి పక్కకు జరిగి నిలబడ్డాడు. దొరల గడీల ముందు భయంతో సైకిల్ దిగి నడిచిన రోజులు ఆ ఊళ్లలో పెద్దవాళ్లకు ఇంకా గుర్తున్నాయి. అదంతా ఎప్పుడో పోయింది, మళ్లీ రావద్దు. ఇతను దిగింది అట్లా కాదు. ఎవరూ దిగమనలేదు, ఎందుకు దిగాడో అతనికే తెలిసినట్టు లేదు. నర్సుబాయి రాజు నడక నడిచి కల్లం ఆ కొసకు చేరేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. ఆమె ఆగి, కొంగుతో చెమట తుడుచుకుని, మళ్లీ నర్సుబాయి అయ్యాక తల విదిలించుకుని సైకిలెక్కాడు. ఇత్తడి గలగలలు దారి వెంట మెల్లగా దూరమయ్యాయి.

"ఏమాయెనే?" కల్లం అవతలి నుంచి నర్సుబాయి కేకేసింది. "నిజం చెప్పుండ్రి! తీసి డబ్బాల పెట్టుమంటరా?"

"తియ్యకు అక్కా!" అని అరిచింది తులజ. "జాతరయ్యేదాక తియ్యకు!"

"అయితె ఆ డబ్బాల ప్లాస్టిక్కు నువ్వే ఉంచుకో, మీ ఇంట్ల కోళ్లకు గూడు చేసుకో!" అని నర్సుబాయి నవ్విన నవ్వు ఊరి దాకా వినబడింది.

ఆ నవ్వు ఆగాక తులజ గురువుగారి వైపు తిరిగింది. "పట్నంల ఉన్నది రాజు పెట్టుకున్నది. ఇది చెక్క, గింజల బంక, నలిగిన రేకు. నేనడిగిన మాటకు నువ్వింకా జవాబు చెప్పలె గురువయ్యా. అసలుదేది?"

శంభయ్యగారు చీకటిపడుతున్న దారి వైపు చెయ్యి చూపించారు.

"సైకిల్ దిగినాయన ఇంకా దూరం పోలేదు బిడ్డా. ఉరుకు, అడుగు."